వీర్రాజు బావగారి నోట ‘బాగుంది’ కోసం నాలుగు రోజులు

పెళ్ళికి నాలుగు రోజుల ముందే దిగిపోయిన మగపెళ్ళివారిని ఏం చెయ్యాలన్నది ఆడపెళ్ళివారికి ఎప్పుడూ ఉండే చిక్కే. ఇంట్లో కూర్చోబెడితే వంకలు పెడతారు. వంటల దగ్గరికి వదిలితే సలహాలిస్తారు. అందుకని తెలివైనవాళ్ళు ఒక బస్సు మాట్లాడి, చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిప్పి, పేచీ పెట్టే ఓపిక కూడా లేకుండా అలిసిపోయాక పెళ్ళిమండపానికి తోలుకొస్తారు. చిత్తూరు వాళ్ళు మమ్మల్ని అలాగే తిప్పారు. కాకపోతే బస్సులో ఉన్న నలభై మందిమీ ఊరికే తోడుగా వెళ్ళినవాళ్ళం. ఆ బస్సు, ఆ కోట, ఆ జలపాతం, ఆ మామిడితోటలు, అన్నీ ఒక్క మనిషి కోసం ఏర్పాటు చేసినవి. ఆ మనిషి వీర్రాజు బావగారు.

మాది కోనసీమ. మా అక్క కొడుకు సతీష్‌కి చిత్తూరు అమ్మాయి రేవతితో పెళ్ళి కుదిరింది. సతీష్ చిన్నప్పుడే వాళ్ళ నాన్న పోతే వాణ్ణి పెంచి పెద్దచేసింది పెదనాన్న వీర్రాజు గారు. నాకు బావగారి వరస. ఈయన పుట్టి బుద్ధెరిగాక దేన్నీ ‘బాగుంది’ అని అన్న దాఖలా లేదు. తన పెళ్ళిచూపుల్లో అమ్మాయిని చూసి ‘పరవాలేదు’ అన్నాడనీ, ఇంటికెళ్ళాక తొందరపడ్డానని ఆ మాట కూడా వెనక్కి తీసుకున్నాడనీ మా వాళ్ళు చెబుతారు.

రేవతికి బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఉద్యోగం. గుజ్జు తీపీ పులుపూ పరీక్ష చేసి, డబ్బాకెక్కాలో వద్దో తేల్చే పని. సతీష్‌ది ల్యాప్‌టాప్ ఎక్కడ తెరిస్తే అక్కడ ఆఫీసు. అందుకని ఆ అమ్మాయి అడిగింది ఒక్కటే, కాపురం చిత్తూరులో పెడదామని. సతీష్ సరేనన్నాడు, పెదనాన్న ఒప్పుకుంటేనే అని తోక తగిలించాడు.

“ఆ రాళ్ళలోనా?” అన్నాడు పెదనాన్న. “తాగడానికి నీళ్ళుండవు, తినడానికి తిండుండదు, చూడ్డానికి ఒక రాయి పక్కన ఇంకో రాయి ఉంటుంది. సరే, పెళ్ళికి ఎలాగూ వెళ్తాం. నాలుగు రోజులు చూపించమనండి. ఏ ఒక్కటి చూసైనా నా నోట ‘బాగుంది’ అన్న మాట వస్తే కుర్రాణ్ణి అక్కడే వదిలేసి వస్తాను. రాకపోతే ఆ అమ్మాయి ఉద్యోగం మానేసి మా ఊరు రావాలి. ఆయ్!”

ఇదీ పందెం. ఇక యాత్ర.

తిరుపతి: లెక్కలోకి రాని కొండ

తెల్లవారుజామున రైలు దిగేసరికి పెళ్ళికూతురి చిన్నాన్న మునిరత్నం పూలదండతో నిలబడి ఉన్నాడు. చిన్నాన్నని అక్కడ చిన్నాయన అంటారు. చిత్తూరులో స్టీలు సామాన్ల అంగడి ఆయనది. అన్న కూతురి కోసం అంగడికి తాళం వేసి, మమ్మల్ని తిప్పే భారం నెత్తికెత్తుకున్నాడు. మనిషి ఐదడుగులే గానీ గొంతు ఎనిమిదడుగులు. ఆ గొంతుకి బస్సులో మైకు కూడా ఇచ్చారు.

“రండి బావా, రండి! గాలి సూసినారా? ఏడు కొండల మీద వడగట్టి కిందికి పంపిస్తారు!” అన్నాడు.

బావగారు రెండుసార్లు ముక్కు ఎగబీల్చి, “డీజిలు వాసనండి” అన్నాడు.

ఆ పొద్దున్నే తిరుమల వెళ్ళి దర్శనం చేసుకుని కొండ దిగాం. ఘాట్ రోడ్డు మలుపుల్లో మా ఆవిడ నా భుజం మీద, నేను కిటికీ మీద, కిటికీ లోయ మీద పడుతూ లేస్తూ వచ్చాం. కిందికి రాగానే మునిరత్నం పరీక్ష ఫలితం చూసుకునే పిల్లాడిలా అడిగాడు.

“ఎట్లుండాది బావా?”

“స్వామివారి సంగతి వేరండి. అది లెక్కలోకి రాదు. ఆయన మీ ఒక్కళ్ళ సొత్తా? మా ఊళ్ళో ప్రతి గోడకీ ఉన్నాడు.”

“లడ్డు?”

“అదీ స్వామివారిదేనండి.”

కొండంత ఆశ అలా కొండమీదే ఉండిపోయింది. మునిరత్నం మాత్రం తగ్గలేదు. మమ్మల్ని బస్టాండు దగ్గర ఓ హోటలుకి తీసుకెళ్ళి కారం దోసెలు పెట్టించాడు. దోసె మీద ఎర్రటి వెల్లుల్లి కారం, మా ఊళ్ళో గుమ్మానికి పూసే పసుపంత మందాన పూస్తారు. పక్కన చెనిక్కాయల చట్నీ, అంటే మన వేరుశనగ పచ్చడి. ఒక్కోటి అరవై రూపాయలు. మొదటి ముక్కకి నా చెవుల్లోంచి పొగ వచ్చింది. రెండో ముక్కకి పోయిన మా తాతగారు కనపడి, “మంచినీళ్ళు తాగరా” అన్నారు. బావగారు చెమటలు కక్కుతూ దోసె పూర్తిచేసి, “మా పెసరట్టు ముందు ఇదెంతండీ” అని, ఎంతో తేల్చుకోవడానికి ఇంకొకటి చెప్పాడు.

చంద్రగిరి: ఏడు వేల ఏనుగులు

ఆ సాయంత్రం చంద్రగిరి కోట. మునిరత్నం మైకు చేతబట్టాడంటే చరిత్ర వణికిపోయేది.

“ఈ కోట కట్టేదానికి ఏడు వేల ఏనుగులు పనిసేసినాయి బావా. ఒక్కో ఏనుక్కి ముగ్గురు వంటోళ్ళు. కట్టడం అయిపోయినాక రాజుగారు ఏనుగులన్నిటికీ పట్టుబట్టలు పెట్టినాడు!”

గేటు దగ్గర ఉడకబెట్టిన చెనిక్కాయలు అమ్ముతున్న అవ్వ ఇది విని నోరు తెరిచింది. “ఏనుగులా? నేను పుట్టిన కాణ్ణించీ ఈడనే ఉండా. నాకెవురూ సెప్పలేదే నాయనా!”

“అంత పాతకాలం కత నీకెట్ల తెలుస్తాది అవ్వా? నువ్వు చెనిక్కాయలు కొలువు” అని మునిరత్నం ఆవిణ్ణి దాటించేశాడు. ఆవిడ ఇరవై రూపాయలకి పెద్ద పొట్లం కట్టి, పైన ఇంకో గుప్పెడు వేసింది. కొన్నదానికంటే కొసరు ఎక్కువున్న బేరం నా జీవితంలో అదొక్కటే.

బావగారు రాజమహలు గోడని తట్టి చూసి, “మా ఊరి రైసుమిల్లు గోడ ఇంతకంటే మందం” అని తీర్పు ఇచ్చాడు. అందరం దిగి బస్సెక్కాక చూస్తే ఆయన లేడు. నేను వెనక్కి వెళ్ళాను. మహలు పై అంతస్తులో కొండకి ఎదురుగా నిలబడి, చొక్కా గుండీలన్నీ విప్పేసి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. కొండ మీద నుంచి వచ్చే గాలికి ఆయన పంచె జెండాలా రెపరెపలాడుతోంది.

“గాలి ఎలా ఉంది బావగారూ?”

ఉలిక్కిపడి గుండీలు పెట్టుకున్నాడు. “వీస్తోంది” అన్నాడు.

తలకోన: సెలవు మీదున్న నీళ్ళు

రెండోరోజు తలకోన అడవిలో దారి రెండుగా చీలిన చోట మా మార్గదర్శి మునిరత్నం ఆగిపోయి, చెప్పు తెగిందని వంగి, ఎదురొచ్చిన కట్టెల మనిషిని గుసగుసగా ఏదో అడగడం నేను గమనించాను. తెగని చెప్పుని అంత శ్రద్ధగా కుట్టుకున్నవాణ్ణి ఎక్కడా చూడలేదు.

మండు వేసవి వెళ్ళీ వెళ్ళని రోజులు. అంతెత్తు కొండ మీద నుంచి నీళ్ళు, పీసినారి ఇంట్లో మజ్జిగ పోసినట్టు పడుతున్నాయి.

“నీళ్ళు రవ్వంత సెలవు మీద పోయుండాయి బావా. వానలు పడనీ, రెండు కొండలు కొట్టుకోని పోతాయి.”

“దీన్ని జలపాతం అంటారా మీరు? తల కూడా తడవదు. చూపిస్తానుండండి.”

తల తడవదని రుజువు చెయ్యడానికి బావగారు పంచె ఎగ్గట్టి ఆ ధార కింద నిలబడ్డాడు. మేం భోజనాలు చేశాం. చింతచెట్టు కింద చాపేసుకుని ఓ కునుకు తీశాం. కోతులు మా పెరుగన్నం డబ్బా ఎత్తుకెళ్ళి, తిని, ఖాళీ డబ్బా వెనక్కి తెచ్చిచ్చాయి. బావగారు ఇంకా రుజువు చేస్తూనే ఉన్నాడు.

“తడిసిందా బావా?” అని మునిరత్నం కింద నుంచి కేకేశాడు.

“ఇంకా తేలలేదండి!” అని పైనుంచి జవాబొచ్చింది.

పులికాట్: పెళ్ళికి ముందే దిగిన పక్షి

మూడోరోజు తెల్లవారకముందే పులికాట్ సరస్సుకి బయల్దేరాం. దారి పొడవునా మునిరత్నం లక్ష ఫ్లెమింగోల గురించి చెప్పాడు. గులాబీ రంగంట. మనుషులు రాగానే వరసగా నిలబడి ఒక్కసారే రెక్కలెత్తుతాయంట. మా అక్క ఆ మాట నమ్మి గులాబీ రంగు చీర కట్టుకుని వచ్చింది.

సరస్సు ఒడ్డున సగం దూరం బురద ఎండి పెచ్చులు పెచ్చులుగా లేచింది. దూరంగా నీళ్ళలో తెల్లటి పక్షి ఒక్కటే, ఒంటికాలి మీద, అప్పులవాడు వస్తాడేమోనన్నట్టు అటూ ఇటూ చూస్తోంది.

“అదిగో!” అన్నాడు మునిరత్నం.

“అది కొంగండి” అన్నాడు బావగారు. “మా పొలంలో ఉంటాయి. పేర్లు కూడా పెట్టాం.”

“ఫ్లెమింగోనే బావా. ఎండకు రంగు ఎలిసిపోయినాది.”

పడవ కడుతున్న జాలరి నవ్వాపుకోలేకపోయాడు. “ఏందన్నా ఈ మాటలు? ఆ పక్షులు సలికాలంలో గదా వచ్చేది! ఎప్పుడో పోయినాయి.”

“ఇది పెండ్లికని ముందే దిగినాదిలే” అన్నాడు మునిరత్నం, మా నలభై మంది వైపూ ఓ చూపు చూసి. “ఈళ్ళ మాదిరే.”

మధ్యాహ్నం ఆ జాలరి ఇంట్లోనే భోజనం. అతని భార్య కట్టెల పొయ్యి మీద రొయ్యలు వేయించింది. బావగారికి ఊళ్ళో నాలుగు రొయ్యల చెరువులున్నాయి కనక, ఆ పళ్ళెం ముందు ఆయన కూర్చున్న తీరు కోడలి తరఫు వంటకి వంక పెట్టడానికి కూర్చున్న అత్తగారిలా ఉంది. ఒక రొయ్యని తోక పట్టుకుని ఎత్తి, “మీసం పొట్టి” అన్నాడు. తర్వాత మాటల్లేవు. పళ్ళెం అడుగు మెరిసేదాకా ఒకటే దీక్ష.

“ఏం పెద్దాయనా, బాగుండాయా?” అని ఆ ఇల్లాలు గరిటెతో వచ్చి అడిగింది.

నలభై మందిమీ నమలడం ఆపేశాం. మునిరత్నం గుడ్లప్పగించి చూస్తున్నాడు. బావగారు వేలు నాకి, ఆలోచించి, “ఉప్పు ఉంది” అన్నాడు.

“ఉప్పు లేకుండా యాడన్నా వండుతారా? ఊఁ, పట్టు” అని ఆవిడ అడక్కుండానే ఇంకో గరిటెడు వేసింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు. పెట్టినట్టు నటించాడు, వేళ్ళ సందులు బాగా విడదీసి.

బంగారుపాళ్యం: ఏడు పళ్ళ విచారణ

నాలుగోరోజు తిరుపతి నుంచి సామాన్లతో సహా బయల్దేరాం. సాయంత్రానికి చిత్తూరు మండపం చేరాలి, తెల్లారితే పెళ్ళి. మునిరత్నం కళ్ళు గుంటలు పడ్డాయి. అయినా ఆఖరి అస్త్రం దాచుకునే ఉన్నాడు. బంగారుపాళ్యంలో స్నేహితుడి మామిడితోట.

రోడ్డుకి రెండు పక్కలా తోటలే. కాయల బరువుకి కొమ్మలు నేలకి ఆని, గడ్డిలో గడ్డాలు పెట్టుకుని కూర్చున్నాయి. ట్రాక్టర్లు బారులు తీరి గుజ్జు ఫ్యాక్టరీల ముందు నిలబడ్డాయి. మనం కలెక్టరు కాయ అనేదాన్ని వాళ్ళు తోతాపురి అంటారు. మన బంగినపల్లిని బేనీషా అంటారు. పేరు మార్చుకుని వేరే జిల్లాలో కాపురం పెట్టిన చుట్టంలా ఉంది నాకు దాన్ని చూస్తే.

చెట్టు కింద గోనెపట్టా పరిచి, బేనీషాలు గంపతో తెచ్చి పోశారు. బావగారు మొదటిది తిన్నాడు, పులుపేమో చూడ్డానికి. రెండోది తిన్నాడు, మొదటిదాని మీద అన్యాయంగా మాట్లాడకూడదని. మూడోది, రెండూ ఒకే చెట్టువా కాదా తెలుసుకోవడానికి. నాలుగోది చేతిలోకి దానంతటదే వచ్చిందన్నాడు. ఐదు, ఆరు తినేటప్పుడు ఎవరితోనూ మాట్లాడలేదు. ఏడోదాని టెంక చీకుతూ, గడ్డం మీద నుంచి మోచేతి దాకా రసం కారుతుండగా, “పీచు” అన్నాడు.

బేనీషాకి పీచా! తోట యజమాని గుండె పట్టుకుని చెట్టుకి ఆనుకున్నాడు.

మునిరత్నం ఫోన్ మోగింది. రేవతి. మర్నాడు పెళ్ళి కనక గడప దాటనివ్వరు, ఫోన్‌లోనే నాలుగు రోజులుగా వాకబు చేస్తోంది. ఆయన చేతులకి రసం ఉండడంతో స్పీకరు నొక్కాడు. పక్కనే ఉన్న నాకు అంతా వినపడింది.

“చిన్నాయనా, ఏమన్నాడు పెద్దమామ?”

“పీచన్నాడమ్మా.”

“కాయల కాలమని పెండ్లికి కూడా నేను రెండు దినాలే సెలవడిగినా. డబ్బా మీద నా సంతకం పడేదానికి ఐదేండ్లు పట్టింది చిన్నాయనా. మానేయమంటే ఎట్ల?”

“మానేదేం లేదు. నేనుండాను కదా” అన్నాడు మునిరత్నం. ఫోన్ పెట్టేసి గంప వంక చూశాడు. అందులో టెంకలు తప్ప ఏమీ లేవు.

కాణిపాకం దారిలో: బస్సులో గాలి మారింది

చిత్తూరుకి చుట్టాలొస్తే కాఫీ ఇవ్వడం ఎంత మామూలో కాణిపాకం తీసుకెళ్ళడం అంత మామూలు. అందుకే మునిరత్నం ఏమీ ఆలోచించకుండా దాన్ని దారిలో పెట్టేశాడు. బస్సు కదిలాక అలవాటుగా మైకు తీసుకున్నాడు.

“ఇప్పుడు మనం పోతా ఉండేది కాణిపాకం వరసిద్ధి వినాయకసామి గుడికి. సామి బావిలో వెలిసినాడు. ఏటేటా పెరగతా ఉండాడు. ఈ సామి శానా సత్యం కల దేవుడు. తగాదాలుండే వాళ్ళు ఈడికొస్తారు. కోనేట్లో మునిగి, తడిబట్టల్తో సామి ముందర ప్రమాణం సేస్తారు. కోర్టులో తేలనిది ఈడ తేల్తాది. సామి ముందర అబద్ధం సెప్పినోడు యా కాలంలోనూ బాగు...”

అక్కడ ఆగిపోయాడు. మైకు మూతి దగ్గరే ఉంది. ఆయన మొహంలో ఏడు వేల ఏనుగులూ, ఒక కొంగా కనిపించాయి నాకు.

ఒక్కొక్కరికీ ఒళ్ళు జిలపుట్టింది. ముందు మా అక్క లేచి నిలబడింది.

“అన్నయ్యగారూ, మీకు నిశ్చితార్థానికి తెచ్చిన పూతరేకులు ఇంట్లో చుట్టినవన్నాను కదా. ఆత్రేయపురం బస్టాండులో కొన్నాను. నన్ను క్షమించాలి.”

శనివారం శనివారం ఉపవాసం ఉండే మా పెద్దత్తయ్య, వంటింట్లో నిలబడి తిన్నది లెక్కలోకి రాదనుకున్నానని చెప్పింది. తలకోనలో కడుపునొప్పని కొండెక్కని చుట్టం ఒకాయన, నొప్పి లేదనీ, బస్సులో మిగిలిన మైసూరుపాకు కోసం ఉండిపోయాననీ ఒప్పుకున్నాడు. అందరికంటే ఘోరం మా పక్క సీటు దంపతులది. నాలుగు రోజులుగా బస్సులో పాటలు పాడుతున్న మొగుడి చెయ్యి పట్టుకుని ఆ ఇల్లాలు, “మీ గొంతు బాగుంటుందని నేను పెళ్ళయిన కొత్తలో అన్న మాట ఉంది చూశారూ...” అని మొదలుపెట్టింది. గుడి ఇంకా కనపడలేదు. అప్పటికే మూడు కాపురాలు ఊగుతున్నాయి. ఇంకో ఐదు కిలోమీటర్లు ఉంటే ఈ పెళ్ళికి మగపెళ్ళివారంటూ మిగిలేవారు కాదు.

వెనక సీట్లో బావగారు మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆయన మెడ మీద చెమట ధారగా దిగుతోంది.

కాణిపాకం: దిగని ఇద్దరు

బస్సు ఆగింది. పాపభారం దింపుకున్నవాళ్ళు తేలిగ్గా దిగిపోయారు.

“నాకు మోకాలు పట్టేసిందండి” అన్నాడు బావగారు వెనక నుంచి.

“మీరు పోయి రాండి. బస్సుకు కాపలా ఉండాల కదా” అన్నాడు మునిరత్నం ముందు నుంచి.

వాళ్ళిద్దరికీ కాపలా ఉంటానని నేనూ కూర్చున్నాను. మా ఆవిడ నా వంక ఒక చూపు చూసి, “మీరు దిగరని నాకు తెలుసు లెండి” అని వెళ్ళిపోయింది.

నాలుగు రోజులూ ఉన్నదాన్ని పదింతలు చేసి చెప్పినవాడొకడు, ఉన్నదాన్ని లేదన్నవాడొకడు. బస్సు ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. మధ్యలో నేను. డ్రైవరు కూడా ఏసీ కట్టేసి గుళ్ళోకి వెళ్ళిపోయాడు. లోపల ఇడ్లీపాత్రలా ఉంది. ముగ్గురం ఉడుకుతున్నాం.

మళ్ళీ ఫోన్ మోగింది. మునిరత్నం దాని వంక చూశాడు, ఎత్తలేదు. మోగి మోగి ఆగిపోయింది. ఆయన లేచి కండువా దులిపి, ఒక్క మాటా అనకుండా దిగి కోనేటి వైపు నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను. సగం దూరం వెళ్ళి తిరిగి చూస్తే, పట్టేసిన మోకాలితో బావగారు నాకంటే వేగంగా వస్తున్నాడు.

మునిరత్నం మూడు మునకలేసి, తడిబట్టలతో మెట్టు మీద నిలబడి, గోపురానికి చేతులెత్తాడు. గొంతు తగ్గించడం ఆయన పుట్టుకలోనే లేదు. కోనేరంతా వినపడింది.

“సామీ! ఈ నాలుగు దినాలూ నేను సెప్పినవన్నీ ఉత్తవే. ఏనుగుల కత నేనే అల్లినాను. తలకోన నేను ఎప్పుడూ సూడలేదు. యాడా సూడలేదు సామీ, నలబై ఏండ్లుగా అంగడి తెరిసేది, మూసేది, ఇంతే. ఈళ్ళతోనే మొదటి దపా అన్నీ సూసినాను. నా ఊరు ఇంత బాగుంటాదని నాకే తెలీదు. ఆ పక్షి కొంగే. గెలవాలని అబద్ధాలు సెప్పినాను. బిడ్డ కష్టపడి సంపాయించుకున్న పని పోగూడదని సెప్పినాను. అది మాత్రం నిజం.”

చుట్టూ జనం మూగారు. బావగారు పై మెట్టు మీద నిలబడి విన్నాడు. తర్వాత లాల్చీ విప్పి నా చేతిలో పెట్టాడు. వాచీ కూడా. అలాగే నీళ్ళలోకి దిగిపోయాడు.

పైకి లేచి నోరు తెరిచాడు. డెబ్భై ఏళ్ళుగా కట్టుకున్న ఆనకట్ట తెగింది.

“స్వామీ, కోట మీద గాలి బాగుంది. కారం దోసె బాగుంది. రెండోది ఇంకా బాగుంది. ఆ జలపాతం కింద నిలబడితే నాకు బయటికి రావాలనిపించలేదు, బాగుంది. రొయ్యలు... మా చెరువుల మీద ఒట్టు స్వామీ, మా రొయ్యలకంటే బాగున్నాయి. బేనీషాలో పీచు లేదు. వెంట్రుకంత కూడా లేదు. అవ్వ ఇచ్చిన కొసరు బాగుంది. ఆ కొంగ కూడా బాగుంది!”

“ఏం ఆస్తి తగాదా నాయనా?” అని ఓ ముసలావిడ నన్ను అడిగింది.

“మామిడిపండు తగాదా అవ్వా.”

“అయ్యో! యా ఊరో పాపం” అని ఆవిడ దణ్ణం పెట్టుకుంది.

బావగారు ఇంకా ఆగలేదు. గొంతు మాత్రం తగ్గింది. “కుర్రాణ్ణి ఇక్కడుంచడం నాకిష్టం లేదు స్వామీ. ఊరు బాగోక కాదు. పొద్దున్నే కాఫీ దగ్గర నేను పేపరు చూసి లోకం మొత్తానికి వంకలు పెడుతుంటే, కదలకుండా కూర్చుని వినేది వాడొక్కడే. మిగతావాళ్ళు గ్లాసులు తీసుకుని లేచిపోతారు.”

ఇద్దరూ మెట్ల మీద నీళ్ళు కారుతూ నిలబడ్డారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

“నేను యింటా బావా, నువ్వు సెప్పేది” అన్నాడు మునిరత్నం చివరికి. “అంగడి తెరిసేదానికి ముందర నాకు పనేముండాది? తెల్లారి ఫోన్ సెయ్యి. తిట్టు. యింటా.”

“రోజూనా?”

“ఈడ నిలబడి అబద్ధం సెప్తానా?”

తిరుగు దారి

బస్సెక్కగానే మునిరత్నం రేవతికి ఫోన్ చేశాడు. “పనికి పొమ్మా” అన్నాడు, అంతే. అటునుంచి ఏం వినపడిందో తెలియదు గానీ, ఆయన కండువా తడిగానే ఉంది కదా అని దాంతోనే కళ్ళు తుడుచుకున్నాడు.

బస్సు కాణిపాకం ఆర్చి దాటింది. బావగారు వెనక్కి తిరిగి చూసి, పూర్తిగా దాటామని రూఢి చేసుకుని, గొంతు సవరించాడు.

“అలా అని మీ బేనీషా మా కొత్తపల్లి కొబ్బరి మామిడికి సాటి వస్తుందని కాదండి. ఏదో, పరవాలేదు.”

మునిరత్నం అప్పటికే మైకు తీశాడు. “ఎడం పక్క సూడండి బావా! ఆ గుట్ట ఉండాదే, ఒకప్పుడు అది ఇంకా ఆరింతలు ఎత్తు. రాజులు తవ్వి తవ్వి...”

పెళ్ళి బాగా జరిగింది. సతీష్, రేవతి చిత్తూరులోనే ఉన్నారు. రోజూ పొద్దున కోనసీమ నుంచి స్టీలు సామాన్ల అంగడికి ఫోన్ వెళ్తుంది. పేపరులో మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా వంకలు పెట్టడం అయ్యాక, చిత్తూరు సంగతులు ఇటు వస్తాయి. మొన్న ఓ పనిమీద బావగారింటికి వెళ్ళి నేనూ విన్నాను. ఈ చలికాలం పులికాట్‌కి ఫ్లెమింగోలు ఎంతగా వచ్చాయంటే, చోటు చాలక కొన్ని చిత్తూరు బస్టాండులో స్కూటర్ల మీద కూర్చుంటున్నాయట.

“అబద్ధం” అన్నాడు బావగారు, కాఫీ చప్పరిస్తూ.

“వచ్చి సూడు బావా!”

“వస్తానండి. టిక్కెట్టు తీయించాను. కానీ ఒక్కటే మాట. ఈసారి కాణిపాకం వద్దు.”

ఫోన్‌లో ఆ ఎనిమిదడుగుల గొంతు బాగా తగ్గి అన్నది.

“నాకూ వద్దులే బావా.”